నవారు మీద డెబ్బై ఏడేళ్లు

జూన్ 15, ఆదివారం

క్లాక్ టవర్ సెంటర్ దగ్గర మంచాలకు సామాను అమ్మే కొట్టులో ఎనిమిది మీటర్ల నవారు, రెండు డబ్బాల పిన్నీసులు కొన్నాను. అమ్మమ్మ జ్ఞాపకంలోని కాలాన్ని కొలిచే ఈ పనికి కావలసిన సామగ్రి ఇంతే. ముందు కొబ్బరితాడు అనుకున్నాను కానీ తాడు సాగుతుంది, వానకు బిగుసుకుంటుంది, కొలత నిలవదు. నవారు బల్లపరుపుగా పడి ఉంటుంది, పిన్నీసు ఎక్కడ గుచ్చితే అక్కడే ఉంటుంది.

పని మొదలుపెట్టడానికి కారణం ఉగాదినాడు అమ్మమ్మ అన్న మాట. "ముప్పై అయిదేళ్లు ఆసు పోశాను బిడ్డా. ఇప్పుడు తలచుకుంటే ఒక్క మధ్యాహ్నంలా ఉంది. ఆ ఏళ్లన్నీ ఎక్కడికి పోయాయి?" అని అడిగింది. ఆసు అంటే చీర నేసే ముందు నూలుపోగును మేకుల చుట్టూ చేత్తో తిప్పి పేర్చే పని. నేను హైస్కూలులో జీవశాస్త్రం చెబుతాను. మెదడు పాఠం ఏటా చెబుతాను. ఈ ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేకపోయింది.

పద్ధతి ఇది. పది సెంటీమీటర్లు ఒక ఏడు. అమ్మమ్మ ఆధార్ కార్డులో జనవరి ఒకటో తేదీ ఉంది కానీ అది ఎవరో వేసిన తేదీ. రజాకార్ల గొడవల్లో ఊరు వదిలి వెళ్తున్నప్పుడు తను నెలల పిల్లనని తన తల్లి చెప్పిందట. అంటే 1948. కాబట్టి నవారు పొడవు 7 మీటర్ల 70 సెంటీమీటర్లు. ఈ లెక్కేదీ ఆమెకు చెప్పను. "ఈ కొసన పుట్టావు, ఆ కొస ఈ రోజు. నీకు ఎక్కడ అనిపిస్తే అక్కడ గుచ్చు" అంటాను, అంతే. తర్వాత కొలిచి, కాగితాల్లో ఉన్న తేదీలతో పోల్చుకుంటాను. అమ్మ పదో తరగతి మెమో, ఇంటి రిజిస్ట్రీ, పెళ్లి పత్రికలు, తాతయ్య మరణ ధ్రువపత్రం, అన్నీ ఒక సంచిలో వేసి పెట్టాను.

జూన్ 22, ఆదివారం

మునుగోడు మీదుగా నారాయణపురం, అక్కడి నుంచి అమ్మమ్మ ఊరు పుట్టపాక. జిల్లా మారి తొమ్మిదేళ్లవుతోంది. అమ్మమ్మకు మాత్రం అది నల్లగొండ జిల్లానే.

వసారాలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నవారు పరిచాం. చాలక ఒక కొస వాకిట్లోకి వచ్చింది. అమ్మమ్మ చెప్పులు విప్పి, దాని పక్కనే నడుస్తూ, మధ్యలో ఆగి, వెనక్కి వచ్చి, మళ్లీ ముందుకు వెళ్లి గుచ్చింది. దేవుడి పటం ముందు నడిచినట్టు నడిచింది. నలభై నిమిషాలు పట్టింది. నేను నోరు తెరవకూడదని ముందే అనుకున్నాను కానీ ఒకచోట "మామయ్య పుట్టింది 71లో కదా" అనేశాను. వెంటనే ఆమె చేతిలోని పిన్నీసు జరిగింది. ఆ ఒక్కటీ తీసేయించి, భోజనాల తర్వాత మళ్లీ గుచ్చించాను. అడిగే మనిషి నోటి నుంచి జారిన అంకె జ్ఞాపకంలోకి ఎంత తేలిగ్గా దూరుతుందో కళ్లారా చూశాను.

రాత్రి, నల్లగొండలో

కొలతలు వేశాను. మొత్తం మూడు భాగాలు. పుట్టుక నుంచి మామయ్య పుట్టేదాకా ఇరవై మూడేళ్లు, క్యాలెండరు ప్రకారం 2 మీటర్ల 30. ఆమె ఇచ్చింది 3 మీటర్ల 60. అక్కడి నుంచి ఇంటికి ఆసు యంత్రం వచ్చిన 2006 దాకా ముప్పై అయిదేళ్లు, అంటే 3 మీటర్ల 50 ఉండాలి. ఆమె ఇచ్చింది 1 మీటరు 90. ఆ తర్వాతి పందొమ్మిదేళ్లకు 1 మీటరు 90 ఉండాల్సింది 2 మీటర్ల 20 అయింది.

సంఖ్యలు వేసుకుని చాలాసేపు వాటినే చూస్తూ కూర్చున్నాను. ముప్పై అయిదేళ్ల చాకిరీ సగానికి దగ్గరగా కుంచించుకుపోయింది. అందులో గుచ్చిన పిన్నీసులు నాలుగే.

మొదటి భాగం సాగడం ఊహించిందే. పెద్దవాళ్లను ఏదైనా జ్ఞాపకం చెప్పమంటే పది నుంచి ముప్పై ఏళ్ల మధ్య వయసువి ఎక్కువగా వస్తాయని మనస్తత్వ శాస్త్రజ్ఞులు చాలాకాలంగా గమనిస్తున్నారు. పెళ్లి, కొత్త ఊరు, మొదటి కాన్పు, అన్నీ మొదటిసారివే. ఇంకొకటి కూడా పుస్తకంలో ఉన్నట్టే వచ్చింది. తాతయ్య పోయింది 2009లో. ఆమె పిన్నీసు 2013 దగ్గర ఉంది. ముఖ్యమైన సంఘటనను అసలు తేదీకంటే మనకు దగ్గరగా లాక్కోవడం అందరిలోనూ కనిపించే పొరపాటు. ఆమె నోటి మాట కూడా అదే: "మొన్న మొన్ననే కదా పోయాడు."

జూలై 2, బుధవారం

తొమ్మిదో తరగతిలో చిన్న పరీక్ష. కళ్లు మూసుకుని, లెక్కపెట్టకుండా, 20 సెకన్లు అయ్యాయనిపించినప్పుడు చెయ్యి ఎత్తాలి. తర్వాత అదే 90 సెకన్లకు. మొదటిదానిలో ఎక్కువమంది 17కూ 24కూ మధ్య ఎత్తారు. రెండోదానిలో 50 నుంచి 130 దాకా చెల్లాచెదురు అయ్యారు.

ఈ తేడా దగ్గర పిల్లలకు హెన్రీ మోలైసన్ గురించి చెప్పాను. మూర్ఛ తగ్గించడానికి 1953లో అమెరికాలో శస్త్రచికిత్స చేసి, జ్ఞాపకాలను నిలిపే మెదడు భాగమైన హిప్పోక్యాంపస్‌లో రెండు వైపులా చాలా భాగం తీసేశారు. అప్పుడతనికి 27 ఏళ్లు. 2008లో చనిపోయేదాకా కొత్త సంఘటన ఏదీ అతని మనసులో నిలవలేదు. అతని కాలజ్ఞానాన్ని కొలిచిన వివరాలు 1973లో వచ్చాయి. 20 సెకన్ల లోపు వ్యవధులను మామూలు మనుషుల్లాగే చెప్పగలిగాడు. అది దాటాక అతని అంచనా బాగా వెనకబడింది. ఆ వెనకబాటును లెక్కకట్టి సాగదీస్తే మనకు ఒక గంట అతనికి మూడు నిమిషాలతో సమానమని తేలింది. అంటే క్షణాలను కొలవడానికి ఇంకేవో ఏర్పాట్లు మెదడులో ఉన్నాయి, గంటలకూ రోజులకూ మాత్రం జ్ఞాపకమే కావాలి. వెనక బెంచీ అమ్మాయి అడిగింది: "అతనికి అద్దంలో తన ముసలి ముఖం ఎలా ఉండేది టీచర్?" ఆ ప్రశ్న నాకు ఇంటిదాకా తోడొచ్చింది.

జూలై 6, ఆదివారం, తొలి ఏకాదశి

ఈ రోజుది పెద్ద పని. అటక మీద నుంచి పాత ఆసు చట్రం దింపాం. చూడనివాళ్ల కోసం రాస్తున్నాను. ఒక పక్క ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. ఒకే నూలుపోగును ఈ మేకు నుంచి ఆ వరసలోని ఒక్కో మేకుకూ తిప్పుతూ, వెనక్కి తెస్తూ, మళ్లీ తిప్పుతూ పోవాలి. అలా పేర్చిన పేక నూలు మీద గుర్తులు పెట్టి, అక్కడ రంగు అంటకుండా సైకిల్ ట్యూబు రబ్బరు పట్టీలతో చిటికి కట్లు కట్టి రంగులో ముంచితే, మగ్గం మీద అవి చిలకలో ఏనుగులో అవుతాయి. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు అటూ ఇటూ తిరుగుతుంది. ఈ పని ఆడవాళ్లదే. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూడలేక ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం తయారుచేసి, దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మా ఇంట్లో ఆ యంత్రం పేరు చెప్పేటప్పుడు అమ్మమ్మ ఇప్పటికీ చెయ్యి కళ్లకు అద్దుకుంటుంది.

అమ్మమ్మ పోగు చేతికి తీసుకుంది. పందొమ్మిదేళ్లుగా ముట్టని పని. రెండు వరసలు తడబడింది, మూడో వరసకు చెయ్యి దారిలో పడింది. బొటనవేలి పక్కన పోగు ఒరుసుకునే చోట చర్మం ఇప్పటికీ గీత పడి నున్నగా ఉంది. పోగు సరిగ్గా ఆ గీతలోనే పరుగెత్తింది. ఎంతసేపయిందో మధ్యలో అడుగుతానని ముందే చెప్పాను. ఇరవై నిమిషాలకు ఆపి అడిగాను. "ముప్పావు గంట దాటింది బిడ్డా, చెయ్యి పడిపోతోంది" అంది. రాత్రి పడుకునేముందు మళ్లీ అడిగాను, పొద్దున ఎంతసేపు పోశావని. కాస్త ఆలోచించి, "ఎంతసేపో ఏముంది, పది నిమిషాలు కూడా లేదు" అంది.

ఒకే ఇరవై నిమిషాలు. చేస్తున్నప్పుడు నలభై అయిదు, తలచుకుంటే పది. 1890లోనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ ఈ తిరకాసును రాసిపెట్టాడు. వింతలతో నిండిన సమయం గడిచేటప్పుడు పొట్టి, వెనక్కి చూస్తే పొడవు. ఖాళీ సమయం గడిచేటప్పుడు పొడవు, వెనక్కి చూస్తే పొట్టి. చదివినప్పుడు బాగుందనుకున్న వాక్యం, ఈ రోజు మా వసారాలో జరిగింది.

జూలై 9

రాత్రులు చదువుతున్నాను. నాకు కావలసినది నార్వేలో దొరికింది.

ముందు 2011 నాటి సంగతి. బోస్టన్‌లో హోవార్డ్ ఐకెన్‌బామ్ బృందం ఎలుకల హిప్పోక్యాంపస్‌లో కొన్ని కణాలు ఖాళీగా వేచి ఉండే సమయంలో ఒకదాని తర్వాత ఒకటి వంతులవారీగా స్పందించడం చూసింది. వాటికి కాలకణాలని పేరు వచ్చింది. 2018లో ఆల్బర్ట్ త్సావో, నార్వేలోని మే-బ్రిట్ మోజర్, ఎడ్వర్డ్ మోజర్‌ల ప్రయోగశాలతో కలిసి, హిప్పోక్యాంపస్‌కు సమాచారం అందించే పార్శ్వ ఎంటోరైనల్ కార్టెక్స్‌ను పరిశీలించాడు. ఎలుక రకరకాల పెట్టెల్లో స్వేచ్ఛగా తిరుగుతున్నప్పుడు అక్కడి కణాల స్పందన ఎప్పటికప్పుడు మారుతూ పోయింది. దాన్ని చూసి ఇది ఏ సమయంలోనిదో చెప్పగలిగారు. అదే ఎలుక చేత ఎనిమిది అంకె ఆకారంలో ఉన్న దారిలో మళ్లీ మళ్లీ అదే చుట్టు తిరిగించినప్పుడు, ఒక చుట్టులో ఎంతసేపయిందన్న గుర్తు పదునెక్కింది. ఇది ఎన్నో చుట్టు అన్న గుర్తు మాత్రం మసకబారింది.

ఈ వాక్యం దగ్గర పుస్తకం మూసేశాను. ఆసు కూడా చుట్టే కదా. ఎలుక మెదడులో కణాల మాటకూ, మనిషి ముప్పై అయిదేళ్లకూ నేరుగా ముడి వేయకూడదని తెలుసు. అయినా అమ్మమ్మ ప్రశ్న వేసిన చోటికి ఇంత దగ్గరగా వచ్చిన మాట ఇంకొకటి నాకు దొరకలేదు. ఏ మేకు తర్వాత ఏ మేకో ఆమె చేతికి ఈ రోజుకీ తెలుసు. ఏ చీర ఏ ఏడాదిదో తెలియదు.

జూలై 20, ఆదివారం

ఊరిగుర్తుల వంతు, అంటే ఊరందరికీ తెలిసిన సంఘటనలను ఆనవాళ్లుగా పెట్టుకుని అడగడం. మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎలిజబెత్ లాఫ్టస్, మార్బర్గర్ 1983లో చూపిన ఉపాయం ఇది. 1980 మే 18న అమెరికాలో సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం పేలింది. "గత ఆరు నెలల్లో ఫలానాది జరిగిందా" అని అడిగితే జనం పాతవాటిని కూడా ఆ ఆరు నెలల్లోకి లాక్కొచ్చారు. "పర్వతం పేలిన తర్వాత జరిగిందా" అని అడిగితే ఆ పొరపాటు బాగా తగ్గింది.

మన పల్లెల్లో ఈ పద్ధతి ఎవరూ నేర్పకుండానే ఉంది. రజాకార్ల కాలం, సాగర్ నీళ్లు వదిలిన ఏడు అంటే 1967, రెండు రూపాయల బియ్యం వచ్చిన 1983, 2004 పుష్కరాలు, తెలంగాణ వచ్చిన 2014, నోట్లు రద్దయిన 2016, కరోనా. కాగితాలున్న పదకొండు సంఘటనలు తీసుకుని "దానికి ముందా, తర్వాతా" అని మాత్రమే అడిగాను. జూన్‌లో ఒక్కో సంఘటనకు సగటున ఆరేళ్లు తప్పింది. ఈ రోజు రెండేళ్లు. వీటన్నిటికంటే గట్టి గుర్తు ఆమెకు ఆమెదే ఉంది: "రెండో మగ్గానికి గుంట తవ్విన ఏడు."

ఒక చిక్కు విడిపోయింది కూడా. వాడపల్లిలో కృష్ణ, మూసీ కలిసేచోట పుష్కర స్నానం చేసిన జ్ఞాపకం ఆమెకు చాలా స్పష్టంగా ఉంది. గట్టు మీద తాతయ్య గాజులు కొనిపెట్టాడు, నేను ఫోనులో ఫొటో తీశాను. కానీ తాతయ్య 2009లోనే పోయాడు, నా చేతికి కెమెరా ఫోను వచ్చింది ఆ తర్వాతే. 2004, 2016 రెండు పుష్కరాలూ ఒకే స్నానంగా కలిసిపోయాయి. అదే రేవు, అదే రద్దీ, అదే తడిచీర. పన్నెండేళ్లు మధ్యలో నుంచి జారిపోయాయి. ఈ సంగతి ఆమెకు చెప్పాలా వద్దా అని తటపటాయించి, చెప్పాను. గాజులు తాతయ్యవేనా అని మాత్రం అడిగింది. తాతయ్యవే అన్నాను.

ఆగస్టు 3

జూన్ 15 నుంచి రోజుకొక అట్టముక్క మీద నా సంగతి ఒకటి రాస్తున్నాను. ఏమిటి, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు. డచ్చి మనస్తత్వ శాస్త్రవేత్త విల్లెం వాగెనార్ ఆరేళ్లు ఇలా 2,400 సంఘటనలు రాసుకుని తనను తానే పరీక్షించుకుని 1986లో ప్రకటించాడు. జ్ఞాపకాన్ని లేపడంలో "ఏమిటి" అన్నది అన్నిటికంటే బాగా పనిచేసింది, "ఎప్పుడు" దాదాపు పనికిరాలేదు.

నా అట్టముక్కలు ఇరవై తీసి చూసుకున్నాను. తేదీ చూపిస్తే రెండు మాత్రమే గుర్తొచ్చాయి. సంగతి చూపిస్తే పదహారు. ఇంకో విచిత్రం, ఫలానాది మంగళవారం జరిగిందని తెలుస్తోంది, ఏ మంగళవారమో తెలియడం లేదు. మంగళవారం మూడో పీరియడు ల్యాబ్ కాబట్టి. మెదడులో తేదీల ముద్ర లేదు. చుట్టూ ఉన్నవాటిని పట్టుకుని కాలాన్ని మళ్లీ కట్టుకుంటున్నాం.

ఇది చూశాకే తట్టింది. అమ్మమ్మను రెండు నెలలుగా "ఎప్పుడు" అని అడుగుతున్నాను. అడగాల్సింది "ఏమిటి" అని.

ఆగస్టు 10, ఆదివారం

పొద్దున్నే కొత్త నవారు పరిచాను. పాతదాని మీద పిన్నీసు రంధ్రాలు కనిపిస్తున్నాయి, చూసి గుచ్చే ప్రమాదం ఉంది. ఊరిగుర్తుల వల్ల ఎంత మారిందో ముందు తెలియాలి. మూడు భాగాలూ వరసగా 3 మీటర్ల 50, 2 మీటర్ల 5, 2 మీటర్ల 15. ఆసు ఏళ్లు పెరిగింది పదిహేను సెంటీమీటర్లే. తేదీలు సరిపడ్డాయి కానీ ఆ ఏళ్లు ఇంకా బోలుగానే ఉన్నాయి.

తర్వాత ట్రంకు పెట్టె తెరిచాం. అమ్మ, పిన్ని కూడా రాఖీకి వచ్చి ఉన్నారు. లోపల చీరలు, అమ్ముడుపోని ముక్కలు, కాగితం మీద గీసిన డిజైన్లు. అడుగున ఒక తేలియా రుమాలు. ఆ నూలును నూనెలో, ఆముదం కాయల బూడిద నీళ్లలో నానబెట్టి ఎండబెట్టడం రోజుల తరబడి సాగేది. ఎన్ని ఏళ్లయినా వాసన పోదు. అమ్మమ్మ దాన్ని విప్పలేదు. మడతగానే ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది. "బాయి గట్టు మీద ఆరేశాం. మేక తొక్కింది. మీ తాత మేకల కాపరితో కొట్లాడి మూడు రోజులు అన్నం తినలేదు. అప్పుడు మీ పిన్ని కడుపులో ఉంది" అంది. పిన్ని పుట్టింది 1975లో. పిన్నికి కూడా ఈ సంగతి తెలియదట.

అక్కడి నుంచి ఆగలేదు. ఈ ఎర్రంచు చీర చిటికి కట్టినప్పుడు కరెంటు పోతే లాంతరు పెట్టుకున్నాం. ఈ పచ్చదాని రంగు కలవలేదు, షావుకారు సగం ధర ఇచ్చాడు. ఇది మీ అమ్మ పెళ్లికి, నేను ఆసు పోస్తుంటే అమ్మ పక్కన కూర్చుని ఏడ్చింది. సాయంత్రానికి ఆ ముప్పై అయిదేళ్లలో పిన్నీసులు నాలుగు నుంచి పదిహేడయ్యాయి. రెండో డబ్బా విప్పాల్సి వచ్చింది.

సెప్టెంబర్ 14, ఆదివారం

అయిదు వారాలు కావాలని ఆగాను, ఆ ఊపు తగ్గాలని. మూడో నవారు. ఈసారి పెద్ద సంఘటనల పిన్నీసులు మాత్రమే, చీరల మాట ఎత్తలేదు.

మొదటి భాగం 3 మీటర్ల 10. ఆసు ఏళ్లు 2 మీటర్ల 65. చివరిది 1 మీటరు 95.

అరవై సెంటీమీటర్లు పెరిగాయి. అంటే ఆరేళ్లు. నవారు పట్టుకున్న నా చేయి వణికింది.

తొందరపడకూడదని అమ్మతో చేసిన కొలత కూడా చూశాను. అమ్మ తన 5 మీటర్ల 70 నవారును జూలైలో ఒకసారి, ఈ వారం ఒకసారి, మధ్యలో ఏ పెట్టే తెరవకుండా గుచ్చింది. ఏ భాగమూ ఎనిమిది సెంటీమీటర్లకు మించి కదల్లేదు. ఇద్దరు మనుషుల కొలత శాస్త్రం కాదు. అయినా గుచ్చిన కొద్దీ సాగుతుందన్న అనుమానం నాకు తగ్గింది.

జ్ఞాపకంలో ఎంత దాచుకుంటే ఆ కాలం అంత పొడవనిపిస్తుందని 1969లో మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ ఆర్న్‌స్టీన్ అన్నాడు. దాచుకున్న వాటి లెక్క కాదు, వాటి మధ్య పరిస్థితి ఎన్నిసార్లు మారిందన్నది ముఖ్యమని 1978లో బ్లాక్, రీడ్ చూపించారు. నేను రెండోవాళ్ల వైపు. అమ్మమ్మకు చీరలు కొత్తగా గుర్తు రాలేదు, వేల చీరలు పోశానని ఆమెకు ఎప్పుడూ తెలుసు. ఒక చీరకూ ఇంకో చీరకూ తేడా గుర్తొచ్చింది. మేక, లాంతరు, షావుకారు, ఏడుపు.

సెప్టెంబర్ 28, ఆదివారం

బతుకమ్మకు ఊరొచ్చాను. నవారు వసారా గోడకు రెండు వరసలుగా మేకులు కొట్టి కట్టేశాం. పిల్లలు తంగేడు పూలతో వస్తూ పోతూ దాన్ని చూస్తున్నారు. పక్కింటి అత్తమ్మ, ఆమె కూడా ఆసు పోసిన మనిషే, తనకూ ఒకటి కావాలంది. రేపు పది మీటర్లు తీసుకోవాలి.

పిన్నీసు ఒకటి మిగిలింది. నలుపు, ఎరుపు కలిసిన చీర, కొంగు మీద ఏనుగుల వరస. ట్రంకులో లేదు, అమ్మేశారు. ఏడు రోజులు పోశానని తెలుసు, ఎవరికి ఇచ్చారో, ఎప్పుడో తెలియదు. అమ్మమ్మ ఆ పిన్నీసును నవారు మీద మూడు చోట్ల ఆనించి చూసింది. ఎక్కడా గుచ్చలేదు. తన కొంగుకు పెట్టుకుని, తంబాళంలో గునుగు పూలు పేర్చడానికి వెళ్లి కూర్చుంది.